సీఆర్‌పీ ఎక్కువుంటే మనసెందుకు కుంగుతుంది? ఒంట్లో వాపు, మెదడు సర్క్యూట్లు, డిప్రెషన్ గురించి చర్చ

#1 నగరి_నేత

డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టే ముందు డాక్టరు సీబీపీ, టీఎస్‌హెచ్, బీ12తో పాటు సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్, ఒంట్లో వాపు అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉందని చూపే రక్తపరీక్ష) కూడా రాశారనుకోండి. ఇంట్లోవాళ్లకు మొదట వచ్చే అనుమానం, "ఇది మనోవ్యాధా, ఇన్ఫెక్షనా?" అని. ఉదాహరణకు 42 ఏళ్ల మనిషి. జ్వరం లేదు, థైరాయిడ్, బీ12 బాగానే ఉన్నాయి, సీఆర్‌పీ మాత్రం 8.4 అని వచ్చింది. పని మీదకు మనసు పోదు, ఒళ్లు బరువు, ఇష్టమైన కూర వండినా రుచి తెలియదు. ఏడుపు, "నేనెందుకూ పనికిరాను" అన్న మాటలు మాత్రం పెద్దగా లేవు.

తెలిసినవాళ్లు మూడు సంగతులు వివరంగా చెప్పండి. రక్తంలో ఉన్నది మెదడు దాకా ఏ దారిన పోతుంది? మెదడులో ఏ భాగాన్ని పట్టుకుంటుంది? ఆ వాపు తగ్గిస్తే మనసు తేరుకుంటుందా?

#2 ఫిజియాలజీ_మాస్టారు

నేత గారూ, సీఆర్‌పీ మనసును కుంగదీయదు. ఒంట్లో ఎక్కడో రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వదులుతుంటే, ఆ కబురు అందుకుని కాలేయం తయారుచేసే ప్రొటీన్ అది. కొలవడం తేలిక, ఖర్చు తక్కువ, అందుకని దాన్ని చూస్తాం. మెదడు మీద పనిచేసేవి దాని వెనక ఉన్న సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు కబురు పంపడానికి వదిలే ప్రొటీన్లు: ఐఎల్-6 (ఇందాకటి ఇంటర్‌ల్యూకిన్-6), ఐఎల్-1 బీటా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్లు.

ఇవి పెద్ద అణువులు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుపొరను ఊరికే దాటలేవు. అయినా కబురు లోపలికి చేరుతుంది. ఒక దారి వేగస్ నాడి. దాని పోగుల్లో దాదాపు 80 శాతం కిందినుంచి పైకి, అంటే పొట్ట, గుండె, ఊపిరితిత్తుల నుంచి మెదడుకు సమాచారం మోసేవే. ఎలుకల్లో ఆ నాడిని కోసేస్తే, పొట్టలోకి ఐఎల్-1 ఎక్కించినా అవి అంతగా డీలా పడవు. రెండో దారి, అడ్డుపొర పల్చగా ఉండే చోట్లు. మెదడు కాండంలోని ఏరియా పోస్ట్రీమా అలాంటిది. మూడోది, మెదడు రక్తనాళాల లోపలి గోడ కణాలే సైటోకైన్‌ను గుర్తించి అవతలివైపుకు ప్రోస్టాగ్లాండిన్ ఈ2 వదలడం. జ్వరం రావడానికి కారణమూ ఇదే. వీటితో పాటు కొద్దికొద్దిగా సైటోకైన్లను మోసుకెళ్లే రవాణా ప్రొటీన్లు కూడా ఉన్నాయి.

లోపల ఆ కబురు అందుకునేవి మైక్రోగ్లియా కణాలు. మెదడులో కాపలా పని వాటిదే. అవి ఒకసారి రేగితే అక్కడికక్కడే సొంతంగా సైటోకైన్లు తయారుచేస్తాయి. అందుకే ఒంట్లో జ్వరం తగ్గినా మెదడులో ప్రభావం కొన్నాళ్లు సాగుతుంది.

ఇక రసాయనాల సంగతి. ట్రిప్టోఫాన్ నుంచి సెరటోనిన్ తయారవుతుందని అందరూ చదివే ఉంటారు. నిజానికి ట్రిప్టోఫాన్‌లో సింహభాగం మామూలు రోజుల్లో కూడా కైన్యూరెనిన్ అనే వేరే దారిలోనే పోతుంది. వాపు ఉన్నప్పుడు ఐడీఓ అనే ఎంజైము పెరిగి ఆ దారిని ఇంకా వెడల్పు చేస్తుంది. మైక్రోగ్లియాలో ఆ దారి చివర క్వినోలినిక్ ఆమ్లం పుడుతుంది. అది గ్లూటమేట్‌కు చెందిన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అదేపనిగా ప్రేరేపిస్తుంది. ఆస్ట్రోసైట్ కణాల్లో పుట్టే కైన్యూరెనిక్ ఆమ్లం దానికి విరుద్ధంగా పనిచేస్తుంది. ఈ రెండింటి తూకం చెడటమే అసలు నష్టం. "సెరటోనిన్ తగ్గింది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తే ఇదంతా కనపడకుండా పోతుంది.

మరొకటి, డోపమిన్ తయారీకి బీహెచ్4 అనే సహాయక అణువు కావాలి. వాపు వల్ల పుట్టే ఆక్సిడేషన్ దాన్ని పాడుచేస్తుంది. డోపమిన్ తగ్గితే ఏమవుతుందో న్యూరో వాళ్లు చెప్తే బాగుంటుంది.

జ్వరంతో పడుకున్న మనిషిని చూడండి. అన్నం సయించదు, పలకరిస్తే విసుగు, మూల చేరి దుప్పటి కప్పుకుంటాడు. 1988లో బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఇది జబ్బు చేసిన నష్టం కాదనీ, ఉన్న శక్తిని జబ్బుతో పోరాడటానికి మళ్లించేందుకు శరీరమే తెచ్చుకునే మార్పు అనీ వివరించాడు. పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న తిరుపతిలో దీన్ని వేరే చెప్పక్కర్లేదు. మేత మానేసి మందకు దూరంగా నిలబడ్డ ఆవును చూడగానే పశువుల డాక్టరు జ్వరం చూడమంటాడు. చిక్కెక్కడంటే, వారంలో ముగియాల్సిన ఆ స్థితి, వాపు నెలల తరబడి ఉంటే ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

#3 న్యూరో_చంద్రగిరి

మాస్టారు వదిలిన చోటినుంచి అందుకుంటాను. డోపమిన్ తగ్గినప్పుడు మొదట దెబ్బతినేది వెంట్రల్ స్ట్రయేటమ్. ఒక పని చేస్తే ఏం దక్కుతుంది, దానికి ఎంత శ్రమ పెట్టొచ్చు అని లెక్క కట్టే భాగం అది. నుదుటి వెనక, మధ్యన ఉండే వెంట్రోమీడియల్ ప్రీఫ్రాంటల్ భాగంతో కలిసి పనిచేస్తుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సీఆర్‌పీ ఎంత ఎక్కువుంటే ఈ రెంటి మధ్య సంధానం అంత బలహీనంగా ఉందని మెదడు పనితీరు చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ పరిశోధనల్లో కనబడింది. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, కదలికలు నెమ్మదించడం దానితో పాటే కనిపించాయి.

ఆరోగ్యవంతులకు టైఫాయిడ్ టీకా ఇచ్చి కొన్ని గంటల తర్వాత స్కాన్ చేసిన ప్రయోగాలున్నాయి. ఐఎల్-6 కొద్దిగా పెరిగి, మూడ్ కొద్దిగా పడి, సబ్‌జెన్యువల్ సింగ్యులేట్‌లో చురుకు పెరిగింది. బ్రాడ్‌మన్ 25వ ప్రాంతం అంటే ఇదే. తీవ్రమైన డిప్రెషన్‌లో అతిగా పనిచేస్తూ కనిపించే చోటు. 2005లో హెలెన్ మేబర్గ్ అనే న్యూరాలజిస్టు బృందం, మందులకు లొంగని డిప్రెషన్‌కు చికిత్సగా ఎలక్ట్రోడ్లు పెట్టింది ఇక్కడే. (టీకా వల్ల మూడ్ పడటం ఒక పూట వ్యవహారం. దీన్ని చూసి ఎవరూ టీకాలు మానుకోవద్దు.)

నేత గారు చెప్పిన లక్షణాల మీద నాకొక మాట చెప్పాలనుంది. హెపటైటిస్ సీ, మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే సైటోకైన్‌నే మందుగా ఇచ్చే రోజుల్లో డిప్రెషన్ ఎలా పుడుతుందో మొదటి రోజునుంచి గమనించే అవకాశం దొరికింది. అలసట, ఆకలి లేకపోవడం, నిద్ర చెడటం, మందగమనం మొదటి రెండు వారాల్లోనే చాలామందిలో వచ్చాయి. దిగులు, అపరాధ భావన, ఏకాగ్రత లేకపోవడం ఒకటి నుంచి మూడు నెలల మధ్య, కొందరిలోనే వచ్చాయి. డిప్రెషన్ మందు పారాక్సెటిన్ ముందుగా మొదలుపెడితే రెండో గుంపు లక్షణాలు బాగా తగ్గాయి, అలసట గుంపు అంతగా తగ్గలేదు. 2001లో వచ్చిన మెలనోమా ట్రయల్‌లో మేజర్ డిప్రెషన్ ఉత్తుత్తి మాత్ర (మందు లేని ప్లాసిబో) తీసుకున్నవాళ్లలో 45 శాతానికి వస్తే, పారాక్సెటిన్ తీసుకున్నవాళ్లలో 11 శాతానికి వచ్చింది.

అంటే "ఒళ్లు బరువు, దేనిమీదా మనసు పోదు" అన్న గుంపు వేరు సర్క్యూట్‌ది, "నా బతుకు దండగ" అన్న గుంపు వేరు సర్క్యూట్‌ది. వాపు ముందుగా, గట్టిగా పట్టుకునేది మొదటిదాన్ని. ఆ 42 ఏళ్ల మనిషి లక్షణాలు దానికే దగ్గరగా ఉన్నాయి.

#4 ల్యాబ్_పలమనేరు

ముందు ఆ 8.4కి యూనిట్ ఏంటో చూడాలి. కొన్ని రిపోర్టుల్లో మిల్లీగ్రాములు లీటరుకు, కొన్నిట్లో డెసిలీటరుకు వేస్తారు. రెంటికీ పది రెట్లు తేడా. డెసిలీటరుకు 0.84 అంటే లీటరుకు 8.4. డెసిలీటరుకు 8.4 అయితే లీటరుకు 84, అప్పుడు డిప్రెషన్ మాట పక్కనపెట్టి ముందు ఇన్ఫెక్షన్ వెతకాలి.

రెండోది, పరీక్ష ఏ పద్ధతి? చిన్న ల్యాబుల్లో స్లైడు మీద లేటెక్స్ కలిపి చూసేది ఇంకా ఉంది. సుమారు లీటరుకు 6 దాటితేనే గడ్డలు కడుతుంది. "నెగిటివ్" అని వస్తే 0.5 కావచ్చు, 5 కావచ్చు. ఈ చర్చకు అది పనికిరాదు. హై సెన్సిటివిటీ సీఆర్‌పీ, అంటే హెచ్‌ఎస్-సీఆర్‌పీ అని చీటీలో రాయించుకోవాలి. గుండె జబ్బుల లెక్కలో 1 లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 పైన ఎక్కువ. డిప్రెషన్ పరిశోధనల్లోనూ ఎక్కువగా ఈ గీతలే వాడతారు. 10 దాటితే తాజా ఇన్ఫెక్షనో దెబ్బో ఉందని అనుమానించి, అది తగ్గాక మళ్లీ చేయాలి.

రక్తం ఇచ్చే రోజు గురించి ఎవరూ చెప్పరు కానీ సగం గందరగోళం అక్కడే. పరగడుపున రావాల్సిన అవసరం లేదు. జలుబు, జ్వరం, పన్ను పీకించుకోవడం, టీకా, ఏదైనా అయిన రెండు మూడు వారాల లోపు ఇవ్వకూడదు. సీఆర్‌పీ సగం తరిగే కాలం 19 గంటలే, కానీ దాన్ని పుట్టించే వాపు అంత తొందరగా ఆరదు. కాలినడకన కొండెక్కి దిగిన మర్నాడు కూడా వద్దు. అలవాటు లేని పెద్ద శ్రమ తర్వాత ఒకటి రెండు రోజులు పెరిగి ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు పెంచుతాయి, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు తగ్గిస్తాయి, కాబట్టి వాడే మందులన్నీ చీటీ మీద రాసివ్వండి. వాపుకే చేసే ఈఎస్‌ఆర్ అనే ఇంకో రక్తపరీక్ష దీనికి బదులు కాదు. రక్తహీనత ఉంటే చాలు, అది పెరిగిపోతుంది.

#5 నగరి_నేత

లీటరుకు 8.4 అనే తీసుకుందాం. పద్ధతి, అంతకుముందు జలుబు చేసిందా లేదా అన్నది చూసుకోలేదు అన్నట్టే లెక్క.

#6 కుప్పం_సామి

సామీ, శానా బాగా చెప్పినారు. ఒకటి అడుగుతా. ఒంట్లో వాపే కారణమంటే మెడికల్ షాపులో వాపు తగ్గే మాత్ర తెచ్చుకుని మింగితే సరిపోదా? మా తట్టు శానామంది పసుపు పాలు, మీనెన్నె మాత్రలు వాడతా ఉండారు. ఇంకొందరు రెండూ వాడి, డాక్టరిచ్చిన మాత్రలు ఆపేస్తా ఉండారు.

#7 మందులచీటీ

ఆపొద్దని గట్టిగా చెప్పండి సామీ, ఆ మాత్రలు ఆపడమే అన్నిటికన్నా ప్రమాదం. ఉన్నట్టుండి మానేస్తే తల తిరుగుడు, ఒళ్లంతా కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, విసుగు, నిద్రలేమి రెండు మూడు రోజుల్లో మొదలవుతాయి. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌తో మరీ ఎక్కువ. జనం దాన్ని జబ్బు తిరగబెట్టింది అనుకుంటారు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి, వాపు మాత్రలు సెర్ట్రాలిన్, ఎసిటాలోప్రామ్ వంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం డిప్రెషన్ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు రెండూ విడివిడిగా వాడినప్పటికంటే ఎక్కువ. కారణం ఏమిటంటే, ప్లేట్‌లెట్లు గడ్డకట్టడానికి వాటిలోపల సెరటోనిన్ కావాలి, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ దాన్ని లోపలికి పోనివ్వదు. నొప్పి మాత్ర ఏమో కడుపు పొరను పల్చన చేస్తుంది. మలం తారులా నల్లగా వస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. మోకాళ్ల నొప్పికి ట్రమడాల్ కలిసిన మాత్రలు అడిగి కొనుక్కుంటారు. అది ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో కలిస్తే సెరటోనిన్ మోతాదు మించిపోయి వణుకు, చెమటలు, విరేచనాలు, కండరాలు ఎగరడం రావచ్చు. ఏం వాడుతున్నారో షాపులో చెప్పి అడగండి, పారాసెటమాల్‌తో సరిపోతుందేమో ముందు చూద్దాం.

సెలికాక్సిబ్ అనే వాపు మాత్రను రోజుకు 400 మిల్లీగ్రాములు డిప్రెషన్ మందుకు జోడించి చేసిన చిన్న ట్రయల్స్‌లో కొంత మేలు కనిపించింది. అయితే బైపోలార్ డిప్రెషన్‌లో మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్, సెలికాక్సిబ్ రెండూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు కాలేదని 2020లో తేలింది. గుండె, కిడ్నీల మీద సెలికాక్సిబ్ భారం చిన్నది కాదు. సొంతంగా మొదలుపెట్టే మందు కాదది.

పసుపులో కుర్కుమిన్ సుమారు 3 శాతం. చెంచాడు, అంటే 3 గ్రాముల పసుపులో 90 మిల్లీగ్రాములు. డిప్రెషన్ ట్రయల్స్‌లో వాడింది రోజుకు 500 నుంచి 1000. పైగా పేగు దాన్ని సరిగా పీల్చుకోదు. పాలల్లో పసుపు ఎవరైనా తాగొచ్చు, దాన్ని మందుగా మాత్రం లెక్కపెట్టకండి. మిరియాల సారం కలిపిన గట్టి క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు వాటి జోలికే పోకూడదు.

చేప నూనెలో పనిచేసేది ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు, అదీ రోజుకు 1 గ్రాము మేర. డబ్బా మీద 1000 మిల్లీగ్రాములని ఉంటుంది కానీ అది మొత్తం నూనె. మామూలు రకంలో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120. ఆ లెక్కన రోజుకు ఐదారు మింగాలి. అంత చేసినా అది డాక్టరిచ్చిన మందుకు తోడే, బదులు కాదు.

#8 సైక్_తిరుపతి

ఇంతదాకా చదివినవాళ్లు డిప్రెషన్ అంటేనే వాపు అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ కొంచెం ఆగాలి. డిప్రెషన్ ఉన్నవాళ్లను తీసుకుంటే హెచ్‌ఎస్-సీఆర్‌పీ 3 దాటేది సుమారు నాలుగో వంతు మందిలో. మిగతా వాళ్లకు ఈ కథ వర్తించదు. పైగా పొట్ట చుట్టూ కొవ్వు, పొగ, నిద్రలేమి సీఆర్‌పీని ఎలాగూ పెంచుతాయి, అవి డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎక్కువ కూడా. ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్క రిపోర్టుతో తేలదు.

దీనికి నేను ఎక్కువ బరువిచ్చే రుజువు 2013లో వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ ట్రయల్. ఏ మందుకూ లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందికి, టీఎన్‌ఎఫ్‌ను కట్టేసే ఈ మందునో ఉత్తుత్తి సెలైన్‌నో మూడుసార్లు ఎక్కించారు. మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున. మొత్తం మీద తేడా లేదు. విడదీసి చూస్తే, మొదట్లో హెచ్‌ఎస్-సీఆర్‌పీ 5 దాటినవాళ్లు మందుతో బాగుపడ్డారు. తక్కువున్నవాళ్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లంత కూడా బాగుపడలేదు. వాపు లేనివాళ్లలో వాపును అణచబోతే నష్టమే జరగొచ్చన్నమాట. ఇంటి దగ్గర ఎవరికి వాళ్లు వాపు మాత్రలు వేసుకోవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఓపీలో సీఆర్‌పీ ఉపయోగపడేది మందు ఎంపికలో, అదీ కొంతవరకే. సీఆర్‌పీ 1 లోపు ఉన్నవాళ్లకు ఎసిటాలోప్రామ్ బాగా పనిచేసిందనీ, 1 దాటినవాళ్లకు నార్ట్రిప్టిలిన్ మెరుగనీ జెన్‌డెప్ అనే యూరప్ అధ్యయనంలో తేలింది. కో-మెడ్ అనే అమెరికా ట్రయల్‌లో 1 దాటినవాళ్లకు ఎసిటాలోప్రామ్‌కు బ్యుప్రోపియాన్ జోడిస్తే ఫలితం బాగుంది. బ్యుప్రోపియాన్ డోపమిన్, నోరెపినెఫ్రిన్ల మీద పనిచేస్తుంది కాబట్టి న్యూరో గారు చెప్పిన సర్క్యూట్‌తో ఇది అతుకుతుంది. ఇవి ముందుగా ఆ ప్రశ్నకోసమే రూపొందించిన ట్రయల్స్ కావు, తర్వాత లెక్కలు తీసి చూసినవి. అందుకే నేను దీన్ని రెండు మందులు సమానంగా సరిపోయేలా ఉన్నప్పుడు ఒకవైపు మొగ్గడానికి మాత్రమే వాడమంటాను.

బ్యుప్రోపియాన్ ఉదయం పూట 150 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. ఫిట్స్ ఉన్నవాళ్లకు, మద్యం ఉన్నట్టుండి మానేసిన వాళ్లకు ఇవ్వకూడదు. నార్ట్రిప్టిలిన్ అయితే ముందు ఈసీజీ. మోతాదు మించితే గుండె లయ చెడుతుంది కాబట్టి ఆత్మహత్య ఆలోచనలున్న ఇంట్లో నెలకు సరిపడా చీటీ ఇవ్వకూడదు. ఇక ఏ మందుకైనా ముందు అడగాల్సింది, గతంలో ఎప్పుడైనా నాలుగైదు రోజులు నిద్ర లేకుండా అతి హుషారు, అతి ఖర్చు, అతి మాటలు ఉన్నాయా అని. ఉంటే అది బైపోలార్ కావచ్చు, అప్పుడు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదంలోకి తిరగొచ్చు.

#9 వార్డు_సిస్టర్

డాక్టరుగారూ, నమస్కారం. సీఆర్‌పీ 3 దాటి, తాజా జ్వరం లేకపోతే, వాపు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకడం మీద నాకు పట్టుదల ఎక్కువ. ఓపీలో ఇదే వదిలేస్తారు. మనోవ్యాధి అని ముద్ర పడ్డాక ఒంటిని ఎవరూ ముట్టుకుని చూడరు.

నోరు తెరిపించి చిగుళ్లు చూడండి. బ్రష్ చేస్తే రక్తం, పళ్లు కదలడం ఉంటే దంత వైద్యుడికి పంపాలి. వేళ్ల కణుపులు ఉదయం అరగంటకు మించి బిగుసుకుంటున్నాయా అడగాలి, కీళ్లవాతం అలాగే మొదలవుతుంది. మోచేతుల మీద, తలలో పొలుసులుంటే సోరియాసిస్. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం వెచ్చబడటం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష. మన వైపు వానలు తగ్గి చలికాలం మొదలయ్యే రోజుల్లో స్క్రబ్ టైఫస్ కనిపిస్తుంది. తగ్గని జ్వరం, తలనొప్పితో వస్తే చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద సిగరెట్టుతో కాల్చినట్టుండే నల్లమచ్చ వెతకాలి. నొప్పి ఉండదు కాబట్టి రోగి తనంతట తాను చెప్పడు. చికున్‌గున్యా వచ్చి నెలలు గడిచినా కీళ్ల నొప్పి, నీరసం పోనివాళ్లలో దిగులు తరచుగా ఉంటుంది.

మందులే కారణమయ్యే కేసులూ ఉన్నాయి. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు వాపును తగ్గిస్తాయి కాబట్టి మనసు తేలికపడాలి కదా అనుకుంటారు. అధిక మోతాదులో అవే మూడ్‌ను చెడగొడతాయి. 1972లో ప్రచురించిన లెక్క ప్రకారం రోజుకు 40 మిల్లీగ్రాముల వరకు వాడినవాళ్లలో 1.3 శాతం మందికి, 41 నుంచి 80 మధ్య 4.6 శాతానికి, 80 దాటితే 18.4 శాతానికి మానసిక లక్షణాలొచ్చాయి. ఉబ్బసానికి, చర్మానికి ఊళ్లో రాసిచ్చే పేరులేని పొడి పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బిందా చూడండి. వాటినీ ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో బీ12 పడిపోతుంది. అది వాపు కాదు కానీ బయటికి ఇలాగే కనిపిస్తుంది.

#10 కుప్పం_సామి

టీబీ మందులు వాడే మనిషికి దిగులు మాత్రలు ఇవ్వొచ్చా అక్కా?

#11 మందులచీటీ

సిస్టర్ గారి బదులు నేను చెప్తాను, ఇది మందుల తగాదా కాబట్టి. ఇవ్వొచ్చు, కానీ టీబీ సెంటర్‌లో, సైకియాట్రీ ఓపీలో రెండు చోట్లా రెండు చీటీలూ చూపించాలి. రిఫాంపిసిన్ కాలేయం ఎంజైములను పెంచి సెర్ట్రాలిన్, మిర్టాజపిన్ లాంటివాటి మోతాదును రక్తంలో తగ్గించేస్తుంది. మాత్ర వేస్తున్నా పని చేయట్లేదంటే ఇది కారణం కావచ్చు. టీబీ కోర్సు ముగిసి రిఫాంపిసిన్ ఆగిన రెండు మూడు వారాలకు అదే మోతాదు ఎక్కువైపోతుంది, అప్పుడు మళ్లీ చూపించుకోవాలి.

మందులకు లొంగని టీబీకి ఇచ్చే లినెజోలిడ్ ఇంకా గట్టిది. సెరటోనిన్‌ను విరగ్గొట్టే ఎంఏఓ ఎంజైమును అడ్డుకునే గుణం దానికి ఉంది, ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్, అంటే ట్రమడాల్ దగ్గర చెప్పిన వణుకు, చెమటల స్థితే. వ్యవధి ఉంటే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రెండు వారాల ముందు ఆపాలి, ఫ్లుఆక్సెటిన్ అయితే ఐదు వారాలు. సైక్లోసెరిన్ అయితే స్వయంగా డిప్రెషన్, భ్రమలు తెప్పించగలదు. ఐసోనియాజిడ్‌తో పాటు ఇచ్చే పిరిడాక్సిన్‌ను "అది విటమినే కదా" అని మానేయొద్దు.

#12 ఫిజియాలజీ_మాస్టారు

నడక గురించి ఎవరూ ఎత్తలేదు. కండరం పనిచేస్తున్నప్పుడు అది కూడా ఐఎల్-6 వదులుతుంది. వినగానే తిరకాసులా ఉంటుంది. ఇన్ఫెక్షన్‌లో ఐఎల్-6తో పాటు టీఎన్‌ఎఫ్ పెరుగుతుంది. వ్యాయామంలో టీఎన్‌ఎఫ్ పెరగదు, వెంటనే ఐఎల్-10, ఐఎల్-1 గ్రాహకాన్ని అడ్డుకునే ప్రొటీన్ పెరుగుతాయి. రెండూ వాపును చల్లార్చేవి. క్రమంగా పొట్ట కొవ్వు తగ్గితే సైటోకైన్ల ఊట కూడా తగ్గుతుంది.

వారానికి 150 నిమిషాలు అని అందరూ చెప్తారు. వెంట్రల్ స్ట్రయేటమ్ డీలా పడ్డ మనిషికి ఆ మాట చెప్పి లాభం లేదు, శ్రమ లెక్కకట్టే యంత్రాంగమే అక్కడ చెడింది. "మనసు పుట్టాక నడుస్తాను" అంటే ఎప్పటికీ పుట్టదు. వేళ పెట్టి, మనసుతో పని లేకుండా, చదునైన రోడ్డు మీద 10 నిమిషాలు, తోడు ఒకరు. వారానికి ఐదేసి నిమిషాలు పెంచాలి. ఉత్సాహంగా ఉన్న బంధువులు నేరుగా అలిపిరి మెట్లకు తీసుకుపోతుంటారు. 3550 మెట్లు మొదటి వారం పని కాదు. సగంలో కూలబడితే "ఇది కూడా నావల్ల కాలేదు" అన్న ఇంకో రుజువు ఆ మనిషి చేతికిచ్చినట్టవుతుంది.

నిద్ర దీనికంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఒక్క రాత్రి సగం నిద్ర పోగొట్టినా తెల్లారేసరికి రోగనిరోధక కణాల్లో వాపు జన్యువులు చురుకవుతాయి. 60 దాటిన, నిద్రలేమి ఉన్న 291 మందిని మూడేళ్లు గమనించిన ట్రయల్‌లో, మాత్రల్లేకుండా నిద్ర అలవాట్లు సరిచేసే చికిత్స తీసుకున్నవాళ్లలో 12 శాతానికి, మామూలు నిద్ర పాఠాలు విన్నవాళ్లలో 26 శాతానికి డిప్రెషన్ వచ్చింది. ఆ చికిత్సలో ముఖ్యమైనవి రెండే. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవాలి. మంచమెక్కి 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, మగత వచ్చాకే తిరిగి రావాలి.

#13 నగరి_నేత

మాస్టారూ, సిస్టర్ గారూ, చాలా సంగతులు తెలిశాయి. న్యూరో గారూ, తలకు అయస్కాంతం పెట్టే ఆర్‌టీఎంఎస్ ఈ సర్క్యూట్లలో దేన్ని తాకుతుంది? రెండు మందులు వాడినా తగ్గనివాళ్లకు పనికొస్తుందా?

#14 న్యూరో_చంద్రగిరి

పనికొస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో అనుమతించింది. తల మీద పెట్టే అయస్కాంతపు తీగచుట్ట ప్రభావం నేరుగా 25వ ప్రాంతాన్ని చేరలేదు, అది లోతులో ఉంటుంది. ఎడమ నుదుటి పక్కనున్న డార్సోలేటరల్ ప్రీఫ్రాంటల్ భాగాన్ని ప్రేరేపిస్తే, దానితో ముడిపడిన 25వ ప్రాంతం నెమ్మదిస్తుంది. ఈ రెండూ ఎంత వ్యతిరేక దిశల్లో నడిచే చోటును ఎంచుకుంటే ఫలితం అంత బాగుంటుందని స్కాన్లు చెప్తున్నాయి.

మొదట కుడిచేతి బొటనవేలిని కదిలించే చోటు తల మీద వెతికి, దాన్ని కదిలించే కనీస శక్తిని కొలుస్తారు. చికిత్స దానికి 120 శాతం. సెకనుకు 10 చొప్పున 4 సెకన్లు, ఆపై 26 సెకన్ల విరామం, ఇలా 75 దఫాలు. మొత్తం 3000 పల్సులు, 37 నిమిషాల పైచిలుకు. తీటా బరస్ట్ పద్ధతిలో 600 పల్సులు మూడు నిమిషాల్లో అయిపోతాయి, ఫలితం తక్కువేమీ కాదని 2018లో తేలింది. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు.

చెడేది ఎక్కువగా స్థానం దగ్గర. బొటనవేలి చోటు నుంచి 5 సెంటీమీటర్లు ముందుకు అని పాత కొలత ఒకటుంది. తల పెద్దదైతే అది ప్రీఫ్రాంటల్ దాకా రాక, కదలికల భాగం మీదే ఆగిపోతుంది. తల చుట్టుకొలత, ముక్కు మొదలు నుంచి వెనక బుడిపె దాకా, చెవి నుంచి చెవికి, మూడూ టేపుతో కొలిచి ఎఫ్3 బిందువు గుర్తించే చోట చేయించుకోండి. టోపీ మీద గుర్తు పెడతారు, రోజూ టోపీ ఒకేలా కూర్చోకపోతే గుర్తు జరిగిపోతుంది. రెండోది, పది సెషన్లకే మానేయడం. మూడోది, మధ్యలో నిద్ర మందు గానీ ఫిట్స్ మందు గానీ మార్చి చెప్పకపోవడం, దానితో కనీస శక్తి లెక్క మారిపోతుంది. తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే చేయరు. ఫిట్స్ వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి కన్నా తక్కువ.

#15 వార్డు_సిస్టర్

ఒక జాగ్రత్త రాయాలి. సీఆర్‌పీ, స్కాన్ ఏదీ ఆత్మహత్య ముప్పును చెప్పదు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ ఫారంలో, చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఇంకే జవాబు వచ్చినా, మొత్తం స్కోరు ఎంతైనా, అదే రోజు మాట్లాడించాలి. మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్ల లోపు వాళ్లను కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు తాళంలో పెట్టండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. తిరుపతి రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది.

#16 సైక్_తిరుపతి

నేత గారూ, మీ ఉదాహరణకు వస్తాను. 8.4 వచ్చిన మనిషికి మందు ఆపి కూర్చోవద్దు. డాక్టరు రాసిన మాత్ర మొదలుపెట్టి, పీహెచ్‌క్యూ-9 ఈరోజు నింపి తేదీ వేసి పెట్టండి, రెండు వారాలకోసారి మళ్లీ నింపండి. 27కి 16 ఉన్నది 8కి వస్తే స్పందించినట్టు, 5 లోపుకొస్తే కోలుకున్నట్టు. సరైన మోతాదులో నాలుగు నుంచి ఆరు వారాలు చూశాకే మందు మార్చే మాట. 60 దాటినవాళ్లయితే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మొదలైన రెండు వారాలకు సోడియం చూడాలి.

ఈలోగా మూడు వారాలకు హెచ్‌ఎస్-సీఆర్‌పీ మళ్లీ చేయించండి. 1 లోపుకు దిగితే మొదటిది దారిన పోయే జలుబు, దాన్ని మరిచిపోవచ్చు. 3 పైనే నిలిస్తే సిస్టర్ గారు చెప్పినట్టు చిగుళ్లు, కీళ్లు, చర్మం, నడుం కొలత, ఊపిరితిత్తులు వెతికించండి. దొరికిన జబ్బుకు దాని మందు. అప్పటికీ దిగులు తగ్గి మందగమనం మాత్రం మిగిలితే, రెండో మందు ఎంపికలో ఆ రిపోర్టు డాక్టరు ముందు పెట్టండి.

#17 ల్యాబ్_పలమనేరు

రెండోసారి కూడా అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించండి. యంత్రం మారితే 3కి 4కి మధ్య తేడా నిజమో కాదో చెప్పలేం.